ఈ నొప్పి ఏసోబుది

నాగుల్ మీరా అరిచాడంటే ఎస్తేరు ముందు నమ్మలేదు. మిర్చి బస్తాలు మోసే హమాలీల ముఠాకు మేస్త్రీ అతను. ఒకసారి ఇనప కొక్కెం అరచేతిలో దిగితే తువ్వాలు చుట్టుకుని, లారీ లోడు పూర్తయ్యాకే ఆసుపత్రికి వెళ్లిన మనిషి. అలాంటివాడు ఆ పొద్దున మొదటి బస్తా ఇంకా భుజానికెత్తుకోకముందే, కోల్డ్ స్టోరేజి గోడలు అదిరేలా అరిచి కూలబడ్డాడని ఫోనొచ్చింది.

గుంటూరు శివార్లలో ఉన్న ఆ గిడ్డంగికి ఆమె స్కానరు పెట్టె పట్టుకుని పరుగున వచ్చింది. లోపల మిరప ఘాటు గొంతు పట్టుకుంటోంది. టిక్కీల నెట్టుకు ఆనుకుని నేల మీద కూర్చున్న నాగుల్ మీరా కుడి భుజాన్ని ఎడమచేత్తో అదిమిపట్టి ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. టిక్కీ అంటే మిరపకాయలు దట్టించిన గోనెబస్తా. దాన్ని భుజాన వేసుకుని, వాలు చెక్క మీదుగా ఎక్కి, కప్పు తాకేదాకా నెట్టుగా పేర్చడం ఈ ముఠా పని.

ఆమె అతని చొక్కా తప్పించి స్కానరు ఆనించింది. భుజం గూడు సరిగ్గానే ఉంది. అందులో తిరిగే ఎముక బంతి సరిగ్గానే ఉంది. బంతిని కప్పి పట్టుకునే నాలుగు కండరాలూ అరిగి ఉన్నాయే తప్ప ఎక్కడా చిరుగు లేదు.

"బాబాయ్, నీ భుజంలో కొత్తగా ఏమీ లేదు."

"నాకు తెలుసమ్మాయ్," అన్నాడు మీరా పళ్లు బిగించి. "ఈ నొప్పి నాది కాదు. ఏసోబుది."

ఏసోబు ఎస్తేరుకు సొంత తమ్ముడు. ఆ క్షణంలో అతను నెట్టు పైన నిలబడి, ఈల వేసుకుంటూ బస్తాలు సర్దుతున్నాడు.

*

ముఠావాళ్ల వీపుల మీదున్న నొప్పి పట్టీ పేరు చలువ. అరచేతిలో పట్టే మెత్తటి జిగురు బిళ్ల. భుజం వెనక, రెక్క ఎముక మీద అంటిస్తారు. దాన్ని తయారుచేసింది ఎస్తేరే.

వాళ్ల నాన్న దావీదు ఇదే ముఠాలో మోశాడు. చివరి రోజుల్లో చొక్కా తొడుక్కోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా చెయ్యి పైకి లేచేది కాదు. పడుకుంటే భుజం పోటెత్తేది కనుక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రుద్దేది. ఒక డాక్టరు వాతం అన్నాడు, ఒకాయన గ్యాసు అన్నాడు, ఇంకొకాయన వయసు అన్నాడు. మాత్రలు కడుపును తినేశాయి గాని భుజం వైపు తొంగికూడా చూడలేదు. ఆ గోడకు నూనె మరక మిగిలింది. దాన్ని చూస్తూ చదువుకున్న ఎస్తేరు మంగళగిరిలోని నివృత్తి అనే కంపెనీ ల్యాబులో చేరి, కొన్నేళ్లు కష్టపడి చలువ పట్టీని తీసుకొచ్చింది.

చెవులకు పెట్టుకునే ఖరీదైన హెడ్‌ఫోన్లు బయటి రొదను ఎలా అణుస్తాయో పట్టీ కూడా అలాగే పనిచేస్తుంది. భుజం నుంచి వెన్నెముకకు వెళ్లే నరాల సందడిని అది వింటుంది. దానికి సరిగ్గా ఎదురు సందడి పుట్టించి పంపుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మెదడుకు నిశ్శబ్దం చేరుతుంది. అందుకోసం ఆ మనిషి నొప్పి తీరును పట్టీ తన జిగురులో అచ్చుగా దాచుకోవాలి. దాచుకుంటుందని ఎస్తేరుకు తెలుసు. ఆ అచ్చు మరో మనిషి ఒంటి మీదికి వెళ్తే ఏమవుతుందని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. పళ్లసెట్టు మార్చుకోరు కదా, పట్టీ మాత్రం ఎందుకు మార్చుకుంటారు?

ఆమె పుట్టిన ముఠానే ఆమె మరిచిపోయింది.

పరీక్ష కోసం ముఠాలో అందరికీ పట్టీలిచ్చారు. సగం అసలువి, సగం ఉత్తవి. చూడ్డానికి అన్నీ ఒకటే. ఎవరికి ఏది వచ్చిందో మోసేవాళ్లకు తెలియదు, ఎస్తేరుకూ తెలియదు. కంపెనీ డైరెక్టరు చక్రధర్ దగ్గర మాత్రమే ఆ నంబర్లున్నాయి. మందు పనితనాన్ని నిక్కచ్చిగా కొలవాలంటే పద్ధతి అదే.

ముఠా పద్ధతి వేరు. అక్కడ ఏది వచ్చినా వంతులే. కూలి వంతులే, టీ వంతులే, జబ్బు చేసి ఇంట్లో పడుకున్నవాడికీ వంతు వెళ్తుంది. సగంమందికి నొప్పి పోయి సగంమందికి పోలేదని తెలిసిన వారంలోనే వాళ్లు పనిచేసే పట్టీలను కుప్పగా పోసి వంతులేసుకున్నారు. పొద్దున ఒకరికి, మధ్యాహ్నం ఒకరికి.

ఆ సంగతి మీరా నోట విని ఎస్తేరు తల పట్టుకుంది. కొన్ని నెలల పరీక్ష బూడిదలో కలిసింది. ఆమె కోపం చూసి మీరా నొప్పిలోనూ చిన్నగా నవ్వాడు.

"మాకు ఇచ్చి మమ్మల్నే పంచుకోవద్దంటే ఎట్టా అమ్మాయ్? మార్చుకున్నప్పుడల్లా కాసేపు ముందు వేసుకున్నోడి నొప్పి వచ్చిద్ది. తర్వాత మనది అణిగిద్ది. మాకు అలవాటైపోయింది. కళ్లు మూసుకుని చెప్తాం ఇది ఎవడిదో. బాజీది సూదుల్లాగ ఉండిద్ది. అంకారావుది మొండిది, పట్టుకుని కూర్చునిద్ది." అతని నవ్వు ఆగిపోయింది. "ఏసోబుది మొన్నటిదాకా మంటే. ఇయ్యాల అది మంట కాదు. ఏదో చిరుగుతా ఉంది."

ఎస్తేరుకు అర్థమైంది. రొద లేని గదిలో ఎదురు రొద ఒక్కటే మిగులుతుంది. ఏసోబు నొప్పికి ఎదురుగా పట్టీ దాచుకున్న అచ్చు, మీరా భుజంలో అణచడానికి ఏమీ దొరక్క, తానే నొప్పయింది.

ఆమె మీరా వీపు మీది పట్టీ ఊడదీసి, పక్కకు తిరిగి, తన భుజానికి అంటించుకుంది. ముందు చల్లగా తగిలింది. తర్వాత, గూట్లో బంతి తిరిగే చోట, ఎముక అంచు కింద, తడిగుడ్డను మెలిపెట్టి పోగుపోగుగా చింపుతున్నట్టు మొదలైంది. మీరాయే చెయ్యి చాచి దాన్ని పీకేశాడు.

"ఏసోబూ, కిందికి దిగరా," అంది ఆమె, ఊపిరి అందాక.

అతను వాలు చెక్క మీద ఆడుతూ దిగివచ్చాడు. వేసుకున్నది మరో పట్టీ. భుజం హాయిగా ఉంది. అక్క మొహం అలా పాలిపోయిందేమని నవ్వుతూ అడిగాడు. ఆమె స్కానరు ఆనించి, తెర అతని వైపు తిప్పి చూపించింది. బంతి మీదుగా వెళ్లే కండరపు తాడు అంచు దగ్గర పీచులై, కొన్ని పోగుల మీద వేలాడుతోంది.

"ఇంకొన్ని బస్తాలు ఎత్తితే తెగిపోతుందిరా."

"నొప్పే లేకపోతే తెగేదేంది అక్కా?"

"నొప్పి లేకుండా చేసింది నేను. తెగకుండా చెయ్యలేదు."

పని ఆపమంది. ఆపరేషన్ చేయించుకోమంది. పట్టీ ఇచ్చెయ్యమని చెయ్యి చాచింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాన్న గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు, గుర్తుందా? మొన్నటిదాకా నేనూ అట్టాగే. ఇప్పుడు పక్కకి తిరిగి పడుకుంటన్నా. నా కూతుర్ని ఎత్తుకుంటన్నా. ఇది నువ్వే ఇచ్చావు. ఇప్పుడు నువ్వే పీకేస్తానంటే ఇవ్వను."

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తమ్ముణ్ణి బస్తా ముట్టుకోనివ్వనని మీరా చేత ఒట్టు వేయించుకుని, కంపెనీ కారెక్కి నేరుగా మంగళగిరికి బయలుదేరింది.

*

చక్రధర్ ఎప్పుడూ గొంతు పెంచడు. టీ తెప్పించి, ఆమె చెప్పినదంతా విన్నాడు. విన్నాక, ఆ ముఠా నిబంధనలు మీరింది కాబట్టి అక్కడి ఫలితాలు చెల్లవని, వాటిని పూర్తిగా పక్కన పెట్టేస్తున్నామని చెప్పాడు. వేరే ఊళ్లో చేసిన పరీక్ష శుభ్రంగా వచ్చింది. వచ్చే సోమవారం విజయవాడలో అనుమతి కమిటీ బహిరంగ విచారణ జరుగుతుంది. ఆ కమిటీ సంతకం పడితే రేవుల్లో, సిమెంటు గోదాముల్లో, ప్రతి మోసే భుజం మీదా చలువ ఉంటుంది.

వేరే ఊళ్లో ఎవరూ పట్టీలు మార్చుకోలేదు కాబట్టే లోపల ఏం తెగుతోందో బయటపడలేదని ఎస్తేరు అంది. అక్కడివాళ్లందరికీ స్కాన్ చేయించమని అడిగింది. చక్రధర్ తన లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. గోదాముల యజమానులతో కుదిరిన ఒప్పందం. పట్టీ వేసుకున్నవాళ్లకు బస్తా బరువు పెంచవచ్చు, విరామం తగ్గించవచ్చు.

"నేను నొప్పి తగ్గించడానికి చేశాను. హెచ్చరికను చంపడానికి కాదు," అంది ఎస్తేరు.

"కొనేవాళ్లకు రెండూ ఒకటే, ఎస్తేరు గారూ."

ఆమె టీ ముట్టుకోకుండా లేచింది. సోమవారం తానూ కమిటీ ముందు మాట్లాడతానని చెప్పింది. ఆమె బయటి గేటు చేరేలోపు ఆమె కార్డు పనిచేయడం మానేసింది. సాయంత్రానికి ల్యాబులోని ఆమె కంప్యూటరు, ఆమె రాసుకున్న ఫలితాలు, స్కాన్ బొమ్మలు అన్నీ కంపెనీ తాళం కిందికి వెళ్లిపోయాయి. చేతిలో సాక్ష్యమంటూ మిగిలింది ముఠావాళ్ల వీపుల మీదున్న పట్టీలే.

చక్రధర్ కూడా అదే ఆలోచించాడు. మర్నాడే గిడ్డంగికి ఇద్దరు మనుషుల్ని పంపాడు. వాళ్లు గుమ్మంలో నిలబడి అసలు పట్టీల నంబర్లు చదివారు. మీరా వినయంగా తలూపి లోపలికెళ్లి, కాసేపటికి ఆ నంబర్లున్న పట్టీలన్నీ తెచ్చి సంచిలో వేశాడు. వాళ్లు లెక్క సరిచూసుకుని వెళ్లిపోయారు.

ఫోన్లో ఆ సంగతి విన్న ఎస్తేరు బైకు తీసుకుని గిడ్డంగికి వచ్చింది. ఆమె దిగేసరికి ఆకాశం పడమటి దిక్కున నల్లగా కమ్ముకుంది.

*

మిర్చి పనిలో వాన కమ్ముకొస్తే అక్కడ మేస్త్రీ ఉండడు, కూలీ ఉండడు, అలిగినవాడు ఉండడు. ఆవరణలో పరిచిన సరుకు, లారీల్లోంచి దింపిన సరుకు తడవకముందే లోపల పడాలి. తడిస్తే కాయ నల్లబడి రైతు మునిగిపోతాడు. ఆ కాసేపు ముఠాలో ఎవరూ కూర్చోరు. కూర్చోమని ఎవరూ చెప్పరు కూడా.

ఏసోబు అప్పటిదాకా మీరా మాట విని కాటా దగ్గర కూర్చున్నాడు. మొదటి చినుకు పడగానే లేచాడు. వీపున పట్టీ ఉంది. భుజం నిశ్శబ్దంగా ఉంది. మీరా గేటు వైపు పరదా లాగుతున్నాడు, చూడలేదు. ఎస్తేరు చూసింది. తమ్ముడు టిక్కీని ఒక్క ఊపున భుజానికెత్తుకుని వాలు చెక్క ఎక్కడం చూసి, పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తింది. రేకుల మీద వాన మోతలో ఆమె పిలుపు అతనికి వినపడలేదు.

చెక్క సగంలో బస్తా జారింది. అతను ఒడుపుగా పక్కకు తప్పుకున్నాడు. బస్తా కిందపడి పగిలి ఎర్రగా పరుచుకుంది. మొహం మీది చెమట తుడుచుకోబోయాడు. చెయ్యి లేవలేదు. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, వేరేవాళ్లది తెచ్చి తగిలించినట్టు. దాన్ని చూసి నవ్వాడు. మళ్లీ ఎత్తబోయాడు. ఈసారి నవ్వు రాలేదు.

"అక్కా, నా చెయ్యి మాట వినట్లా," అన్నాడు. మొహంలో నొప్పి జాడ లేదు. భయం ఒక్కటే ఉంది.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు పట్టీ తియ్యాలన్నారు. నర్సు చెయ్యి వెయ్యబోతే, అక్క తియ్యాలన్నాడు ఏసోబు. ఎస్తేరు అంచు పట్టుకుని మెల్లగా ఊడదీసింది. అన్నాళ్లు ఆగి ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చిపడింది. అతను మంచం కమ్మీని ఎడమచేత్తో పట్టుకున్నాడు. చెమటతో దుప్పటి తడిసిపోయింది.

"ఇన్నాళ్లూ ఇది యాడ ఉంది?" అన్నాడు కాసేపటికి.

"ఇందులోనే."

"అయితే పారెయ్యబాక. అందులో ఉంది నాది."

తాడు బాగా వెనక్కి ముడుచుకుపోయిందని, అందినంత లాగి కుట్టామని సర్జన్ చెప్పాడు. చెయ్యి ఛాతీ దాకా లేవచ్చు. బరువు మాత్రం ఇక ఈ జన్మకు లేదు.

వరండాలో ఎస్తేరు గోడకు ఆనుకుని కూర్చుంది. మీరా వచ్చి పక్కన చతికిలబడి, తువ్వాలు మడత విప్పాడు. లోపల పట్టీల దొంతర.

"ఇవి అసలువి," అన్నాడు. "వాళ్లు పట్టుకుపోయింది ఉత్తవి. ఆ నంబరు బిళ్లలు ఎప్పుడో చెమటకి ఊడిపోయినయ్. వాళ్లు ఏ నంబరు చదివితే ఆ బిళ్ల ఉత్తదానికి అంటించి ఇచ్చా."

ఎస్తేరు నవ్వబోయి ఆగింది. ఉత్త పట్టీలు ఏ నొప్పినీ దాచుకోవు. చక్రధర్ వాటిని ల్యాబులో పరీక్ష చేయించి, పట్టీల్లో ఏ అచ్చూ మిగల్లేదని, ఎస్తేరు చెప్పినదంతా కట్టుకథ అని కమిటీకి రాసిస్తాడు. మీరా తెలివి ఆయన చేతికే ఆయుధమిచ్చింది. ఆ మాటే అంది.

మీరా తువ్వాలు మళ్లీ మడిచాడు. "రాయనియ్యి అమ్మాయ్. నలుగురి ముందు నిలబడి నోటితో కూడా అననియ్యి."

*

సోమవారం విచారణ హాలు నిండిపోయింది. ముందు వరసలో గోదాముల యజమానులు, వెనక వరసల్లో ముఠా. కమిటీ అధ్యక్షురాలు హైమావతి. పేరుపొందిన ఎముకల డాక్టరు, జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి. ఆమె మాట తక్కువ.

చక్రధర్ ముందు మాట్లాడాడు. మోసేవాళ్ల కన్నీళ్ల గురించి చెప్పాడు. పట్టీలో నొప్పి నిలవ ఉంటుందన్న ఆరోపణ వచ్చిందని, తామే ఆ పట్టీలన్నిటినీ వెనక్కి తెప్పించి పరీక్షించామని, ఒక్కదానిలోనూ ఏమీ లేదని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. కోటు విప్పి కుర్చీ మీద వేసి, సంచిలోంచి ఒక పట్టీ తీశాడు. ఏసోబుకిచ్చిన పట్టీ ఇదేనని నంబరు అందరికీ చూపించాడు. సహాయకుడి చేత తన వీపుకు అంటించుకున్నాడు. ఆయన చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పి, చిరునవ్వు నవ్వాడు. ముందు వరస చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆగాక వెనక నుంచి ఒక్కడి నవ్వు వినిపించింది. నాగుల్ మీరా లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మీరు ఏసుకుంది ఉత్తది. మా బాజీ దాన్ని వారం రోజులు మోసి మమ్మల్ని బూతులు తిట్టాడు."

హాలు గొల్లుమంది. మీరా కమిటీ వైపు తిరిగి, నంబరు బిళ్లలు మార్చింది తానేనని, తప్పయితే తననే జైలుకు పంపమని చెప్పాడు. చక్రధర్ మొహంలో రంగు మారింది గాని గొంతు మారలేదు. వీళ్లు కంపెనీ సొత్తు దొంగిలించామని ఒప్పుకుంటున్నారని, దొంగల దగ్గరున్న పట్టీల్లో ఏం కలిపారో ఎవరికి తెలుసని అన్నాడు.

ఎస్తేరు లేచి నడుచుకుంటూ ముందుకు వెళ్లింది. చేతిలో ఒక్కటే పట్టీ, ఆసుపత్రిలో ఏసోబు వీపు నుంచి ఊడదీసినది. దాన్ని చక్రధర్ ఎదురుగా బల్ల మీద పెట్టింది.

"దీన్ని చేసింది నేను. ఇందులో ఏమైనా కలపగలిగేదాన్నీ నేనే. కలిపానో లేదో కమిటీవారు ల్యాబుకు పంపి ఎలాగూ తేల్చుకుంటారు. అందాకా ఆగనక్కర్లేదు. ఇందాకటిది ఎంత ధైర్యంగా వేసుకున్నారో ఇదీ అలాగే వేసుకోండి. ఏమీ లేకపోతే నేను ఇక్కణ్ణుంచి నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్తాను."

చక్రధర్ పట్టీ వైపు చూశాడు. చెయ్యి సగం చాచాడు. హాలంతా ఆ చేతినే చూస్తోంది. ఆ చెయ్యి పక్కనున్న మంచినీళ్ల గ్లాసు మీదికి వెళ్లింది. దీనికో పద్ధతి ఉంటుందని, పరీక్ష లేకుండా ఎవరి ఒంటి మీదా ఏదీ పెట్టకూడదని అన్నాడు.

"మా ఒంటి మీద పెట్టేటప్పుడు ఈ మాట అన్లేదే," అన్నాడు వెనక వరసలో బాజీ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. హైమావతి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. కొంగు సర్దుకుని భుజం తిప్పి, అంటించమ్మా, అంది. ఎస్తేరు సందేహించింది. చాలా తీవ్రంగా ఉంటుందని హెచ్చరించింది. ఇన్నేళ్లుగా రోగుల్ని నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారని అడుగుతున్నానని, ఒక్కసారి తానే వేసి చూస్తానని అందామె.

పట్టీ అంటుకుంది. ఆమె తిరిగి కుర్చీలో కూర్చుని పెన్ను చేతిలోకి తీసుకుంది. ఏదో రాయబోయింది. పెన్ను జారి బల్ల మీద దొర్లింది. ఆమె అరవలేదు. కళ్లు మూసుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని, నరాల్ని ఒక్కొక్కటే తడిమి చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి ఎత్తి తియ్యమని సైగ చేసింది.

"ఈ నొప్పి ఎవరిది?"

వెనక వరసలో ఏసోబు లేచాడు. కుడిచెయ్యి కట్టులో ఉంది.

"నాదేనమ్మా."

"ఇంత నొప్పితో బస్తాలు మోశావా?"

"మోశానమ్మా," అన్నాడు ఏసోబు. "నాకు తెలీలేదు."

హైమావతి పెన్ను వెతుక్కుని తీసుకుంది. అనుమతి నిరాకరించడానికి ఆమెకు ఒక్క వాక్యం సరిపోయింది. వేరే ఊళ్లో పట్టీలు వేసుకున్న ప్రతి మనిషికీ కంపెనీ ఖర్చుతో స్కాన్ చెయ్యాలని ఇంకో వాక్యం రాసింది. ముందు వరస ఖాళీ కావడం మొదలైంది.

*

వేసవి సీజను వచ్చేసరికి కంపెనీ లాయరు నోటీసు మూడోసారి వచ్చింది. ముఠా దగ్గరున్న పట్టీలు కంపెనీ సొత్తు, తక్షణం అప్పగించాలి. అప్పగిస్తామని, వచ్చి ఎవరి వీపు మీది నుంచి పీక్కుంటారో పీక్కోవచ్చని మీరా జవాబు రాయించాడు. ఎవరూ రాలేదు. కేసు నడుస్తోంది. ఎస్తేరుకు ఇక ఏ కంపెనీ ఉద్యోగం ఇవ్వదన్నది అందరికీ తెలిసిన విషయమే. ఆమె గిడ్డంగి పక్కన తూకం గది ఖాళీగా ఉంటే అందులో బల్ల వేసుకుంది.

అక్కడ ఆ పట్టీల్నే విప్పి మార్చింది. ఇప్పుడవి ఒళ్లు వాల్చినప్పుడే నొప్పిని అణుస్తాయి. చేతి మీద బరువు పడ్డ క్షణాన నోరు మూసుకుని నొప్పిని తెలియనిస్తాయి. ఏసోబు పక్కకు తిరిగి పడుకుంటున్నాడు. వాళ్లింటి గోడ మీది నూనె మరకకు సున్నం కొట్టాడు, ఎడమచేత్తోనే, కాస్త వంకరగా.

అతనికి బస్తాలు లేవు. వంతు మాత్రం ఉంది, పనీ ఉంది. ప్రతి పొద్దునా ముఠా అంతా రాత్రి వేసుకుని పడుకున్న పట్టీలు తెచ్చి అతని ముందు పెడుతుంది. అతను బాగున్న ఎడమ భుజానికి ఒక్కొక్కటే అంటించుకుని, కళ్లు మూసుకుని, ఆ రాత్రి నొప్పిని చదువుతాడు. మంటయితే తైలం రుద్దుకుని ఎక్కమంటాడు. పట్టేసినట్టుంటే ఎస్తేరు చూపించిన కసరత్తులు చేసి ఎక్కమంటాడు. చిరుగుడు తగిలిందా, ఆ మనిషి ఆ రోజు కింద కూర్చుంటాడు. కూలి వంతు తగ్గదు. అందరి నొప్పులూ అతని భుజం మీదుగా వెళ్తాయి. అది వద్దని ఎస్తేరు పోట్లాడింది. పట్టీ బదులు యంత్రం చేసిస్తానంది.

"చెయ్యి అక్కా. అయ్యిందాకా నేనే యంత్రం," అన్నాడు.

ఆ పొద్దున గేటు బయట మూడు లారీలు ఆగి ఉన్నాయి. ఏసోబు చివరి పట్టీ అంటించుకున్నాడు. ఒక్కసారి మొహం బిగుసుకుంది. తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాడు.

"మేస్త్రీ, ఇయ్యాల నువ్వు ఎక్కొద్దు."

నాగుల్ మీరా అప్పటికే తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. ఆ ముఠాలో అతన్ని దిగమన్నవాడు ఇంతవరకూ పుట్టలేదన్నాడు. సీజను మొదటి లోడు మేస్త్రీ భుజం మీదుగా వెళ్లాలన్నాడు. వయసుకి అలాగే ఉంటుందిలే, అన్నాడు.

"మీ నాయన కూడా నాకిట్టా చెప్పలేదురా."

"మా నాయన నీ నొప్పి ఏసుకుని చూడలా. నేను చూశా."

బయట లారీ గట్టిగా హారన్ కొట్టింది. గుమాస్తా గుమ్మంలోకి వచ్చి, సరుకు ఎప్పుడు దింపుతారని, షావుకారు ఫోన్లో అరుస్తున్నాడని చెప్పాడు. ముఠాలో ఎవరూ కదల్లేదు. అందరూ మేస్త్రీ వైపే చూస్తున్నారు. మీరా ఏసోబును చూశాడు, బల్ల మీది పట్టీని చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, బాజీ భుజం మీద వేశాడు. తర్వాత కాటా పక్కన ఏసోబు కూర్చునే బెంచీ దగ్గరికి నడిచి, కూర్చుని, కాళ్లు బారచాపాడు.

"ఆగమని చెప్పు షావుకారుని," అన్నాడు గుమాస్తాతో. "భుజాలు చదవడం ఇప్పుడే అయింది. దింపుతాం."